ఇంట్లో కట్టే చిన్న జలాంతర్గామి: ఏ నిర్ణయం దేన్ని శాసిస్తుంది?

ఒక మీటరు వ్యాసం ఉన్న ఉక్కు గొట్టం తీసుకుందాం. రేకు మందం 6 మిల్లీమీటర్లు. రెండు చివరలా గట్టిగా మూసి నీళ్లలోకి దించితే ఎంత లోతు వరకు తట్టుకుంటుంది?

ఉక్కు బలం ఒక్కటే చూసి లెక్క వేస్తే దాదాపు 300 మీటర్లు అని వస్తుంది. మామూలు ఉక్కు చదరపు మిల్లీమీటరుకు 250 న్యూటన్ల దాకా శాశ్వతంగా వంగకుండా నిలబడుతుంది, ఆ లెక్కన తేలే లోతు అది. కానీ ఆ గొట్టమే బాగా పొడవుగా ఉండి, లోపల ఏ ఊతమూ లేకపోతే, 10 మీటర్లు చేరకముందే ఒక పక్క సొట్టపడి చప్పున నలిగిపోతుంది. ఒకే లోహం, ఒకే మందం. ఒక లెక్క 300 అంటుంది, ఇంకొకటి 10 అంటుంది. సొంతంగా జలాంతర్గామి కట్టాలనుకునేవాళ్లు మొట్టమొదట అర్థం చేసుకోవాల్సింది ఈ తేడానే.

గ్యాస్ సిలిండరులో ఒత్తిడి లోపలి నుంచి బయటికి ఉంటుంది. ఆ ఒత్తిడే సిలిండరును గుండ్రంగా నిలబెడుతుంది, చిన్నచిన్న వంకరలుంటే సరిచేస్తుంది కూడా. బయటి నుంచి నొక్కే నీరు ఇందుకు పూర్తిగా విరుద్ధం. గుండ్రదనం ఎక్కడ తప్పిందో అక్కడ పట్టుకుని ఇంకాస్త లోపలికి తోస్తుంది. తోసిన కొద్దీ వంకర పెరుగుతుంది, వంకర పెరిగిన కొద్దీ తోయడం తేలికవుతుంది. లోహం బలం ఇంకా బోలెడంత మిగిలి ఉండగానే ఆకారం ఓడిపోతుంది. ఇంజనీర్లు దీన్ని బక్లింగ్ అంటారు. నలగడం అన్న మన మాట దీనికి చక్కగా అతుకుతుంది.

ఇప్పుడు ఆ పొడవాటి గొట్టం లోపల, ప్రతి అర మీటరుకూ ఒకటి చొప్పున ఉక్కు రింగులు వెల్డింగ్ చేశామనుకోండి. నలిగే లోతు లెక్క 10 నుంచి ఒక్కసారిగా 300 దగ్గరికి ఎగబాకుతుంది. రెండు మీటర్ల ముక్కలో పడే మూడు రింగుల బరువూ కలిపి యాభై కిలోల లోపే. రింగులు లేకుండా రేకు మందంతోనే ఆ ఫలితం రావాలంటే 6 మిల్లీమీటర్ల చోట 19 మిల్లీమీటర్లు వాడాలి, అదే ముక్కకు అరటన్నుకు పైగా అదనపు ఉక్కు పడుతుంది. అయితే ఇవన్నీ కాగితం మీది, చక్కగా గుండ్రంగా ఉన్న గొట్టం లెక్కలు. నిజం గొట్టం అలా ఉండదు. రేకును వంచేటప్పుడు, వెల్డింగ్ వేడికి లాగినప్పుడు వ్యాసం అక్కడొక రెండు మిల్లీమీటర్లు, ఇక్కడొక మూడు మిల్లీమీటర్లు తప్పుతుంది. ఆ తప్పులన్నీ కూలే లోతును గణనీయంగా కిందికి దించుతాయి. అందుకే లెక్కలో వచ్చిన లోతుకూ, మనిషి దిగే లోతుకూ మధ్య చాలా ఎడం ఉంచాలి.

ఇంతకీ ఈ లెక్క అవసరమా కాదా అన్నది దీనికంటే ముందు తీసుకోవాల్సిన ఒక నిర్ణయం మీద ఆధారపడుతుంది.

లోపలి గాలి ఏ ఒత్తిడిలో ఉండాలి?

చిన్న జలాంతర్గాముల్లో మూడు జాతులున్నాయి. మొదటిది తడి పడవ. లోపలంతా నీళ్లే ఉంటాయి, మనిషి స్కూబా సామగ్రి తొడుక్కుని కూర్చుంటాడు. అది నీటి కింద నడిచే బండి, అంతకుమించి చెప్పాల్సింది లేదు. రెండోది, మనిషి తల పొడిగా ఉంటుంది గానీ లోపలి గాలి ఒత్తిడి బయటి నీటి ఒత్తిడితో సమానంగా ఉండేది. మూడోది, ఎంత లోతుకు దిగినా లోపల నేల మీది గాలి ఒత్తిడే ఉండేది. మనం మామూలుగా జలాంతర్గామి అనుకునేది దీన్నే.

రెండో రకం చూడగానే మనసు లాగుతుంది. బిందెను బోర్లించి నీళ్లలోకి నొక్కితే లోపల గాలి నిలుస్తుంది కదా, సూత్రం అదే. లోపలా బయటా ఒకే ఒత్తిడి కాబట్టి గోడలు నలిగే ప్రశ్నే లేదు. పలుచటి ఫైబర్‌గ్లాస్, ప్లైవుడ్ కూడా సరిపోతాయి. అమెరికాకు చెందిన సైమన్ లేక్ 1894లో కట్టిన ఆర్గోనాట్ జూనియర్ అనే పడవ రెండు పొరల పైన్ చెక్కతో, మధ్యలో తారు పూసిన గుడ్డతో చేసింది. గాలి నిలవకు సోడా యంత్రం ట్యాంకు వాడాడు. ముందున్న చిన్న గదిలో గాలి ఒత్తిడిని నీటితో సమానం చేసి, కింది తలుపు తెరిస్తే నీళ్లు లోపలికి రాలేదు. చేతిలో ఉన్న వస్తువులతో పని జరిపించుకోవడంలో అతణ్ని మించినవాళ్లు తక్కువ.

కానీ ఆ తేలికదనానికి వెల వేరేచోట చెల్లించాలి. గోడ మోయని ఒత్తిడిని మనిషి శరీరం మోస్తుంది. 30 మీటర్ల లోతులో అతను పీల్చే గాలి నేల మీదికంటే నాలుగింతల ఒత్తిడిలో ఉంటుంది. ఆ లోతులో సుమారు ఇరవై నిమిషాలు దాటితే రక్తంలో కరిగిన నత్రజని కారణంగా మధ్యమధ్యలో ఆగుతూ నెమ్మదిగా పైకి రావాలి. కంగారులో ఊపిరి బిగబట్టి పైకి వస్తే ఊపిరితిత్తుల్లో గాలి వ్యాకోచించి ప్రాణం మీదికి వస్తుంది. చివరి 10 మీటర్లలోనే గాలి పరిమాణం రెట్టింపవుతుంది కాబట్టి, తక్కువ లోతు అని ధీమాగా ఉండటానికీ లేదు.

ఇంకో చిక్కు అంత త్వరగా కళ్లకు కట్టదు. అడుగు తెరిచి ఉన్న అలాంటి పడవ 5 మీటర్ల దగ్గర, వెయ్యి లీటర్ల గాలితో, మునగకుండా తేలకుండా నిలబడిందనుకుందాం. అది ఒక్క మీటరు కిందికి జారితే గాలి కుంచించుకుపోయి దాదాపు 60 లీటర్లు తగ్గుతుంది. అంటే పడవ 60 కిలోలు బరువెక్కినట్టే. బరువెక్కితే ఇంకా జారుతుంది, జారితే ఇంకా బరువెక్కుతుంది. పైకి లేచినప్పుడు ఇదే తలకిందులుగా జరిగి, ఆపలేని వేగంతో పైకి దూసుకొస్తుంది. గట్టి ఉక్కు పడవలో ఈ బాధ లేనట్టే, ఎందుకంటే దాని పరిమాణం లోతుతో పాటు మారేది చాలా స్వల్పం.

నా మటుకు నేను గట్టి పడవ వైపే ఉంటాను. అది కట్టడం కష్టం. కానీ ఆ కష్టమంతా ఒడ్డున, పగటి వెలుతురులో, ఎవరితోనైనా లెక్కలు సరిచూపించుకునే వీలుండగా పడే కష్టం. లోపలున్న మనిషికి ఎంత వేగంగా పైకొచ్చినా హాని లేదు. ఈ ఒక్క గుణం తర్వాతి నిర్ణయాలన్నిటినీ తేలిక చేస్తుంది. ఏ చిక్కు వచ్చినా జవాబు ఒకటే అవుతుంది: పైకి వచ్చెయ్యి. కాబట్టి ఈ వ్యాసంలో ప్రతి భాగాన్నీ ఒక ప్రశ్నతోనే కొలుస్తాను. ఇది పాడైతే పడవ దానంతటదే పైకి వస్తుందా, రాదా?

ఎంత లోతు?

జార్జ్ కిట్రెడ్జ్ అనే రిటైరైన అమెరికా నౌకాదళ అధికారి రూపొందించిన కె-350 నమూనా పేరులోనే దాని లోతు ఉంది: 350 అడుగులు, అంటే సుమారు 107 మీటర్లు. ఇళ్ల దగ్గర కట్టుకునేవాళ్లు చాలామంది ఆ ప్లాన్లతోనే మొదలుపెట్టారు. అయినా మొదటి పడవకు 30 మీటర్లు చాలంటాను. చూడదగ్గ వెలుతురు చాలావరకు ఆ లోపే ఉంటుంది. అంతకన్నా పెద్ద కారణం, మామూలు స్కూబా ఈతగాళ్లు ఆ లోతుకు వచ్చి సాయం చేయగలరు, తాడు కట్టగలరు. వినోదం కోసం దిగేవాళ్లకు శిక్షణ సంస్థలు పెట్టే హద్దు 40 మీటర్లు. ఆ హద్దు దాటిన చోట చిక్కుకుంటే సాయానికి ప్రత్యేక బృందాలు కావాలి.

పడవ ఎంత లోతు తట్టుకుంటుందన్నది ఒక అంకె. అది దిగే చోట నేల ఎంత లోతులో ఉందన్నది ఇంకో అంకె. రెండోది మొదటిదానికంటే ఎప్పుడూ తక్కువగా ఉండాలి. 30 మీటర్లు తట్టుకునే పడవను 25 మీటర్ల చెరువులో నడిపితే, అన్నీ పాడై రాయిలా మునిగినా అది నలగని చోటే ఆగుతుంది. అదే పడవను 200 మీటర్ల లోతున్న నీటిలో "నేను 20 దాటను" అన్న నమ్మకంతో నడిపితే, ఆ నమ్మకం ఒక్క వాల్వు మీద వేలాడుతూ ఉంటుంది.

పదార్థం గురించి ఎక్కువ ఆలోచించే పని లేదు. ఉక్కు. వెల్డింగ్ చేయగలం, తనిఖీ చేయగలం, హద్దు దాటితే ముందు వంగి హెచ్చరిస్తుంది. 2023 జూన్ 18న అట్లాంటిక్‌లో ఐదుగురితో కూలిపోయిన టైటన్ అనే జలాంతర్గామి గొట్టం భాగం కార్బన్ ఫైబర్‌ది. ఆ పదార్థం లాగితే అద్భుతంగా నిలుస్తుంది, నొక్కితే పొరల మధ్య కంటికి కనపడని దెబ్బలు పోగవుతాయి. లోహశాస్త్రం తెలిసినవాళ్లు వందేళ్లకు పైగా కాచి వడబోసిన ఉక్కు ఉండగా, ఇంటి పెరట్లో కొత్త పదార్థాలతో ప్రయోగం చేయకూడదు.

ఆకారంలో గోళం అన్నిటికన్నా మేలు. అదే వ్యాసం, అదే మందం ఉంటే గోళం గోడ మీద పడే ఒత్తిడి గొట్టం గోడ మీద పడేదానిలో సగమే. కానీ గోళంలో మనిషి కూర్చుంటే చుట్టూ చోటు వృథా అవుతుంది, రేకును గోళంగా వంచడమూ కష్టం. అందుకే చాలామంది గొట్టానికి రెండు చివరలా అర్ధగోళాలు అతికిస్తారు. పాత గ్యాస్ ట్యాంకు దొరికితే పని సగం అయిపోయినట్టే కనిపిస్తుంది. దాని మీద ముద్రించి ఉన్న ఒత్తిడి అంకెను మాత్రం పట్టించుకోకూడదు. అది లోపలి ఒత్తిడికి ఇచ్చిన హామీ. బయటి ఒత్తిడికి రింగులతో సహా లెక్క మళ్లీ మొదటి నుంచి వేయాల్సిందే.

బరువు లెక్క

కొత్తవాళ్లను ఆశ్చర్యపరిచే విషయం ఇక్కడుంది. అందరూ పడవ మునిగిపోతుందని భయపడతారు. నిజానికి దాన్ని ముంచడమే కష్టం.

మన గొట్టాన్నే రెండు మీటర్ల పొడవున తీసుకుని చివర్ల అర్ధగోళాలు, పైన మూత ఉండే చిన్న బురుజు కలిపితే మొత్తం పరిమాణం సుమారు 2.24 ఘనపు మీటర్లు. ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం మంచినీటిలో దాన్ని పైకి తోసే బలం 2,240 కిలోలు. 6 మిల్లీమీటర్ల రేకు బరువు 450 కిలోలకు అటూ ఇటూగా వస్తుంది. రింగులు, బురుజు, మూత, కిటికీ చట్రాలు కలిపి ఇంకో 200. బ్యాటరీలు 200, మోటార్లు, గాలి సిలిండర్లు, బయటి ట్యాంకులు ఇంకో 250. ఒక మనిషి. ఎంత ఉదారంగా వేసినా 1,200 కిలోలు దాటడం కష్టం. ఇంకా టన్ను తక్కువ! ఆ లోటు తీర్చడానికి అడుగున సీసం కట్టాలి. సీసం కూడా నీటిని కాస్త తొలగిస్తుంది కాబట్టి టన్ను లోటుకు టన్నూ వంద కిలోల దాకా పడుతుంది.

ఈ లెక్క ఒకసారి ఒంటబడితే చాలా నిర్ణయాలు వాటంతటవే మారిపోతాయి. విమానం కట్టేవాళ్లకు ప్రతి గ్రామూ శత్రువు. ఇక్కడ బరువు ఎలాగూ కావాలి. మరి సీసంగా మోసే బదులు ఆ బరువులో కొంత ఉక్కుగా మోస్తే? రేకును 6 నుంచి 10 మిల్లీమీటర్లకు పెంచితే దాదాపు 300 కిలోలు పెరుగుతుంది, ఆ మేరకు సీసం తగ్గుతుంది, గోడ బలం బాగా పెరుగుతుంది. సీసపు బ్యాటరీలు బరువన్న ఫిర్యాదూ ఇక్కడ చెల్లదు, వాటిని అడుగున పెడితే అవే బరువు దిమ్మెలు. బరువు బాధ తెలిసేది ఒడ్డునే. రెండు టన్నులకు పైగా ఉన్నదాన్ని ట్రైలర్ మీద లాగాలి, క్రేనుతో దించాలి. అందుకే లోపలి చోటులో ప్రతి లీటరునూ పిసినారితనంగా ఖర్చుపెట్టాలి. వ్యాసం మీటరు నుంచి 80 సెంటీమీటర్లకు తగ్గిస్తే గొట్టం పరిమాణం 2.1 నుంచి 1.3 ఘనపు మీటర్ల లోపుకు పడిపోతుంది. నడుం వంచి కూర్చోవాలి, నిజమే. కానీ దాదాపు ఎనిమిది వందల కిలోలు మోసే పని తప్పుతుంది.

సముద్రపు నీరు మంచినీటికన్నా రెండున్నర శాతం బరువు. రెండు టన్నుల పడవకు అది యాభై కిలోల పైమాటే. చెరువులో సరిగ్గా తూకం కుదిరిన పడవ సముద్రంలో మునగనని మొరాయిస్తుంది, సముద్రంలో కుదిరింది చెరువులో అడుగు పట్టేస్తుంది. కాబట్టి విడిగా తీసి పెట్టుకునే సీసపు కడ్డీలు ఉండి తీరాలి.

తూకంలో ఇంకో సంగతి, బరువు ఎక్కడుంది అన్నది. నీటి పైన తేలే పడవ పక్కకు ఒరిగితే దాని వెడల్పు దాన్ని నిలబెడుతుంది. పూర్తిగా మునిగాక ఆ సాయం ఉండదు. అప్పుడు గురుత్వ కేంద్రం, నీరు పైకి తోసే బలం పనిచేసే బిందువైన ఉత్ప్లవన కేంద్రానికి కచ్చితంగా కింద ఉండాలి. ఆ ఎడం కనీసం కొన్ని సెంటీమీటర్లు ఉంటేనే మనిషి ముందుకు వంగినా పడవ తలకిందులు కాదు. సగం నిండిన ట్యాంకులో నీళ్లు అటూ ఇటూ దొర్లుతూ ఈ నిలకడను దొంగిలిస్తాయి. మునిగేటప్పుడూ తేలేటప్పుడూ పడవ అత్యంత చంచలంగా ఉండేది అందుకే. ట్యాంకులను చిన్న గదులుగా అడ్డుగోడలతో విడదీస్తే ఆ దొర్లడం తగ్గుతుంది.

మునిగేదెలా, తేలేదెలా

బయటి ట్యాంకులు అడుగున తెరిచి ఉంటాయి. పైన గాలి వదిలే వాల్వు ఉంటుంది. లోపలా బయటా ఒకే ఒత్తిడి కాబట్టి పలుచటి రేకు చాలు. పైవాల్వు తెరిస్తే గాలి పోయి నీరు నిండుతుంది. పైకి రావాలంటే వాల్వు మూసి సిలిండరు గాలి వదిలితే నీరు అడుగు నుంచి బయటికి పోతుంది. 200 లీటర్ల ట్యాంకును 30 మీటర్ల లోతులో ఖాళీ చేయడానికి 800 లీటర్ల గాలి కావాలి, ఎందుకంటే ఆ లోతులో గాలి నాలుగో వంతుకు కుదించుకుపోతుంది. 200 బార్ల వరకు (ఒక బారు అంటే దాదాపు నేల మీది గాలి ఒత్తిడి) నింపిన 12 లీటర్ల స్కూబా సిలిండరులో 2,400 లీటర్ల గాలి ఉంటుంది. అంటే మూడుసార్లు. ఒకే సిలిండరును నమ్ముకోకుండా, వేర్వేరు గొట్టాలతో రెండు పెట్టుకోవడం మంచిది.

ఈ ట్యాంకుల పని నీటి పైన ఉన్నప్పుడు పడవను కాస్త ఎత్తుగా నిలబెట్టడం మాత్రమే. అవి పూర్తిగా నిండాక కూడా పడవ మునగకూడదు. ఐదో పదో కిలోలు తేలాలన్న పట్టుదల మిగిలి ఉండాలి, బురుజు పైభాగం నీటి మట్టానికి ఒరుసుకుంటూ నిలవాలి. అక్కడి నుంచి నిలువు మోటారు కిందికి తోస్తే దిగుతుంది. మోటారు ఆగితే మెల్లగా పైకి వస్తుంది. బ్యాటరీ అయిపోయినా, తీగ తెగినా, నడిపే మనిషి స్పృహ తప్పినా ఫలితం ఒకటే. కదలకుండా నీటిలో వేలాడుతూ నిలబడే సొగసు ఈ పద్ధతిలో కొంత పోతుంది, మోటారు సన్నగా తిరుగుతూనే ఉండాలి. పోనివ్వండి.

దానికి తోడు, లోపలి నుంచి విడిచేసే బరువు ఉండాలి. ఈ ఆలోచన చాలా పాతది. డేవిడ్ బుష్‌నెల్ 1775లో కట్టిన టర్టిల్ అనే ఒంటిమనిషి జలాంతర్గామి అడుగున సీసం ఉండేది. అందులో 200 పౌండ్లు, అంటే 90 కిలోలు, లోపలి నుంచే కిందికి వదిలే ఏర్పాటుండేది. 1960 జనవరి 23న జాక్ పికార్డ్, డాన్ వాల్ష్‌లను మేరియానా అగాధం అడుగుకు తీసుకెళ్లిన త్రియెస్త్‌లో టన్నుల కొద్దీ ఇనుప గుళికలను విద్యుదయస్కాంతాలు పట్టి ఉంచేవి. కరెంటు పోతే అయస్కాంతం పట్టు వదులుతుంది, గుళికలు రాలిపోతాయి, నౌక పైకి లేస్తుంది. పాడవడమే కాపాడటంగా మారిన ఈ ఏర్పాటు కన్నా అందమైనది ఈ రంగంలో నాకు కనిపించలేదు. చిన్న పడవలో అంత అక్కర్లేదు. అడుగున 100 నుంచి 150 కిలోల సీసపు దిమ్మె, దాన్ని పట్టుకున్న ఒక బోల్టు, నీరు చొరకుండా ఆపే రబ్బరు ఓ-రింగుల గుండా లోపలికి వచ్చిన పిడి చాలు. పడవ ఏటవాలుగా ఒరిగి ఉన్నప్పుడు కూడా ఆ దిమ్మె జారుతుందా అన్నది మాత్రం నీళ్లలోనే పరీక్షించి చూడాలి.

కన్నాలు

గోడకు పెట్టే ప్రతి కన్నం ఒక అప్పు. 20 మిల్లీమీటర్ల గొట్టం ఒకటి 50 మీటర్ల లోతులో తెగితే నిమిషానికి సుమారు 350 లీటర్ల నీరు లోపలికి చిమ్ముతుంది. చిన్న పడవ తేలే శక్తి నిమిషంలోపే హరించుకుపోతుంది. కాబట్టి గొట్టాలు సన్నగా ఉండాలి, గోడను ఆనుకునే ఒక వాల్వు, దాని తర్వాత ఇంకొకటి ఉండాలి. మోటార్లను బయట పెట్టి తీగలను మాత్రమే లోపలికి తెచ్చుకుంటే, తిరిగే ఇరుసుకు గోడలో కన్నం పెట్టే అవసరమే రాదు.

మూత విషయంలో ప్రకృతి మన పక్షాన ఉంది. 60 సెంటీమీటర్ల మూతను 30 మీటర్ల నీరు ఎనిమిదిన్నర టన్నుల బలంతో దాని పీట మీదికి అదుముతుంది. ఓ-రింగు ఇంకా బిగుసుకుంటుంది, గొళ్లెం పని నీటి పైన ఉన్నప్పుడే. కానీ ఆ బలమే, లోపలున్న మనిషి మూత తెరవలేడని కూడా చెబుతుంది. లోతులో చిక్కుకుని బయటపడాలంటే లోపల నీరు నింపి ఒత్తిడి సమానం చేసుకోవాలి. అది శిక్షణ ఉన్నవాళ్లకే సాధ్యం, అదీ అంతంతమాత్రంగా.

కిటికీలకు గాజు పనికిరాదు, పోత పోసిన ఆక్రిలిక్ వాడతారు. శంఖువు ముక్కలా బయటి వైపు వెడల్పుగా, లోపలి వైపు సన్నగా కోసి, అదే వాలులో ఉన్న ఉక్కు పీటలో కూర్చోబెడితే నీరు నొక్కిన కొద్దీ ఇంకా బిగుస్తుంది. అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం ప్రమాణాల్లో ఈ కిటికీల మందం, వాలు, ఆయుష్షు అన్నీ పట్టికలుగా ఉన్నాయి. ఇక్కడ సొంత తెలివి వాడకూడదు, పట్టిక చూసి అనుసరించడమే. స్పిరిట్‌తో, పెయింట్ థిన్నరుతో ఆక్రిలిక్‌ను తుడిస్తే లోపల సన్నటి పగుళ్లు పుడతాయన్నది కూడా గుర్తుండాలి. సబ్బునీళ్లు చాలు.

ఊపిరి

మూసిన గదిలో ఆక్సిజన్ అయిపోయి మనిషి చస్తాడని అనుకుంటాం. దానికంటే ముందు తన ఊపిరే తనకు విషమవుతుంది. మన పడవలో మనిషి, సామాను పోను 1.6 ఘనపు మీటర్ల గాలి మిగిలిందనుకుందాం. నెమ్మదిగా పనిచేసుకునే మనిషి గంటకు ఇరవై నాలుగు లీటర్ల దాకా కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. నలభై నిమిషాల్లో అది ఒక శాతం అవుతుంది, రెండు గంటల్లో మూడు శాతం. అప్పటికి ఆయాసం, తలనొప్పి మొదలవుతాయి. అంతకన్నా చెడ్డది, ఆలోచన మసకబారుతుంది. ఆ సమయానికి ఆక్సిజన్ ఇంకా 17 శాతం పైనే ఉంటుంది. టర్టిల్‌లో గాలి అరగంటకే సరిపోయేదని చెబుతారు, అక్కడ కూడా నేరం ఎక్కువగా దీనిదే అయి ఉండాలి.

మందు సోడా లైమ్. చిన్న ఫ్యానుతో గాలిని దాని గుండా తోస్తే కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుంది. తగ్గిన ఆక్సిజన్‌ను సిలిండరు నుంచి నిమిషానికి అర లీటరు చొప్పున వదలాలి. ఎంత వదలాలో చెప్పడానికి మామూలు బారోమీటరు కూడా సాయపడుతుంది. వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను సోడా లైమ్ మింగేస్తుంటే, వాడిన ఆక్సిజన్ మేరకు లోపలి ఒత్తిడి తగ్గుతూ వస్తుంది. ముల్లు మొదటి చోటుకు వచ్చేదాకా ఆక్సిజన్ వదిలితే సరి. అయితే ఎక్కడైనా సిలిండరు గాలి కారుతుంటే ఈ ముల్లు అబద్ధం చెబుతుంది, కాబట్టి పక్కనే రెండు వాయువులకూ మీటర్లు ఉండాలి. ఆక్సిజన్ 23 శాతం దాటితే బట్టలు, తీగల తొడుగులు కూడా భగ్గున అంటుకుంటాయి. ఆక్సిజన్ గొట్టాల దగ్గర నూనె, గ్రీజు తగలనీయకూడదు.

గంటసేపు తిరగడానికి ఎంత ఊపిరి కావాలో అంతే తీసుకెళ్తే సరిపోదు. తేలాలన్న పట్టుదల ఎంతున్నా, పాత వల ఒకటి ప్రొపెల్లరుకు చుట్టుకుంటే పడవ అక్కడే ఆగుతుంది. 1973 ఆగస్టు 29న ఐర్లండ్ తీరానికి దూరంగా పైసిస్-3 అనే చిన్న జలాంతర్గామి పని ముగించుకుని నీటి పైకి వచ్చేసింది. దాన్ని ఓడ దగ్గరికి లాగే తాడు వెనక గది మూతను పీకేసింది. ఆ గదిలో నీరు నిండి, పడవ సుమారు 480 మీటర్ల అడుగుకు పడిపోయింది. లోపలున్న రోజర్ చాప్‌మన్, రోజర్ మాలిన్సన్ 76 గంటల తర్వాత ప్రాణాలతో బయటికొచ్చారు. వాళ్ల దగ్గర ఊపిరి నిలవ దాదాపు 72 గంటలకే ఉంది. కదలకుండా, మాట్లాడకుండా పడుకుని మిగతా గంటలు గెలుచుకున్నారు. ఒక మనిషికి 72 గంటలంటే రెండు వేల లీటర్ల ఆక్సిజన్, పదిహేను కిలోల సోడా లైమ్. 200 బార్ల పది లీటర్ల సిలిండరు ఒకటి, బస్తాలో కొంత భాగం. ఇంత తక్కువ బరువుకు మూడు రోజుల గడువు దొరుకుతుంటే వదులుకోవడానికి కారణం లేదు, పైగా ఎలాగూ సీసం మోస్తున్నాం.

మోటారు, బ్యాటరీ, నీటి పైభాగం

వేగం మీద ఆశ పెట్టుకోకూడదు. మొద్దు ఆకారపు చిన్న పడవ సెకనుకు ఒక మీటరు వేగంతో వెళ్లడానికి సుమారు 20 కిలోల తోపు, అర కిలోవాట్ విద్యుత్తు కావాలని నా అంచనా. వేగం రెట్టింపు కావాలంటే శక్తి ఎనిమిదింతలు, అంటే నాలుగు కిలోవాట్లు. అదే బ్యాటరీతో ఎనిమిది గంటలు తిరగాల్సింది ఒక్క గంటకే ముగుస్తుంది. చేపల పడవలకు వాడే చిన్న విద్యుత్ మోటార్లు రెండు చాలు, సీళ్ల లోపల నూనె నింపితే లోతులో నీరు చొరబడదు.

సీసపు బ్యాటరీలు చార్జింగ్ అవుతున్నప్పుడు హైడ్రోజన్ వదులుతాయి. గాలిలో అది నాలుగు శాతం చేరితే నిప్పురవ్వ చాలు. వాటి మీద ఉప్పునీరు పడితే క్లోరిన్ పుడుతుంది. అందుకే బ్యాటరీలను విడి గొట్టాల్లో బయట పెట్టడం నాకు నచ్చుతుంది. వాటి దగ్గర ఏం జరిగినా మనిషి పీల్చే గాలికి సంబంధం ఉండదు.

పైసిస్-3 కథలో ఇంకోటి గమనించారా? ప్రమాదం జరిగింది లోతులో కాదు, నీటి పైన. హన్లీ అనే జలాంతర్గామి 1863 ఆగస్టులో మొదటిసారి మునిగింది కూడా మూతలు తెరిచి ఉండగానే, ఐదుగురు చనిపోయారు. తేలే పడవలో తెరిచిన మూతకన్నా పెద్ద కన్నం లేదు. పక్కన పోయే మరపడవ లేపిన అల ఒకటి లోపలికి దొర్లితే వంద కిలోల నీరు, ఐదో పదో కిలోల తేలిక ఎక్కడికి పోతుంది? బురుజు ఎత్తు కనీసం అర మీటరు ఉంచడం, ట్యాంకుల్లో నిండా గాలి ఉన్నప్పుడు తప్ప మూత తెరవకపోవడం, లాగే కొక్కేలను మూతలకు దూరంగా పెట్టడం ఇందుకే.

కట్టడం పూర్తయ్యాక మనిషి దిగేముందు పడవ ఒంటరిగా దిగాలి. లోపల మనిషి బరువుతో పాటు, పడవ తేలకుండా దిగేంత అదనంగా ఇసుక బస్తాలు పెట్టి, మూత బిగించి, క్రేను తాడుతో అనుమతించిన లోతుకు కనీసం ఒకటింబావు రెట్ల దాకా దించి, గంటసేపు అక్కడే ఉంచి పైకి తీయాలి. లోపల వ్యాసానికి అడ్డంగా, ఒక గోడకు బిగించి ఎదుటి గోడను తాకీ తాకకుండా నిలిపిన కడ్డీకి చివర మెత్తటి మైనం ముద్ద అంటిస్తే, లోతులో గోడ ఎంత లోపలికి వచ్చి వెళ్లిందో ఆ మైనం మీద అచ్చు పడి ఉంటుంది. అచ్చు లోతు లెక్కలో వచ్చినంతే ఉంటే, అడుగున తడి లేకపోతే, రెండో రోజు మళ్లీ అదే లోతుకు దించాలి. రెండు అచ్చులూ ఒకేలా రావాలి.